ఆపరేషన్ మార్కాపురం పలక

"కరుణాకరం, నీకు పలక మీద రాయడం వచ్చా?"

చీఫ్ జీవానందం ఫైలు ముందుకు తోశాడు. సైబర్ వింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్న ఏజెంట్ కరుణాకరం దాన్ని తెరవలేదు. ముందు అడగాల్సింది అడిగాడు.

"ఈ మిషన్‌లో మోహన్‌కృష్ణ ఉన్నాడా సార్?"

"ఉన్నాడు."

కరుణాకరం కడుపు మండింది. పదకొండేళ్లలో ఎనిమిది మెడల్స్ మోహన్‌కృష్ణ మెడలోకి వెళ్లాయి. కరుణాకరానికి దక్కినవి రెండు ప్రశంసాపత్రాలు, ఒక వెన్నునొప్పి.

"విను," అన్నాడు చీఫ్. "మార్కాపురంలో పలకల కార్మికుల సొసైటీకి ఒక వెబ్‌సైట్ ఉంది. అడ్రస్ టైప్ చేసి వెళ్తే సరిగ్గానే తెరుచుకుంటుంది. సెర్చ్‌లో వెతికి క్లిక్ చేస్తే మాత్రం అచ్చం అలాంటిదే ఇంకో సైటుకి పోతుంది. ఆ నకిలీది ఒక విదేశీ ముఠాది. సొసైటీ వాళ్లెప్పుడూ అడ్రస్ టైప్ చేసే చూస్తారు. అందుకే ఆర్నెల్లుగా ఆర్డర్లు ఎక్కడికి పోతున్నాయో వాళ్లకి అంతుబట్టలేదు."

"డెడ్‌లైన్?"

"గురువారం సాయంత్రం నాలుగు. నైరోబీ నుంచి ఒక కొనుగోలుదారు సెర్చ్‌లో సొసైటీ పేరు వెతికి రెండు లక్షల పలకలు బుక్ చేస్తాడు. అది చేజారితే నలభై కుటుంబాలకి పని ఉండదు. నువ్వు వెబ్‌సైట్ ఆడిటర్‌వి. మోహన్‌కృష్ణ గొర్రెల బేరగాడు. అక్కడ మన ఇన్‌ఫార్మర్ రేణుక. సైటు మెయింటెనెన్స్ ఆవిడదే."

చివరగా చీఫ్ ఒక బలపం చేతిలో పెట్టాడు. విరిస్తే లోపల పెన్‌డ్రైవ్. అందులో మాస్టర్ కీ.

సోమవారం సొసైటీ ఆఫీసులో రేణుక ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు చీర. ఆ పలకపొడిలో కూడా చీర మీద మరక లేదు.

"రెండో ఎక్కం వచ్చా?" కోడ్ వాక్యం అడిగింది.

"పదో మెట్టు దగ్గర ఆగిపోయాను."

రేణుక నవ్వింది. కరుణాకరం ఆ నవ్వు దాచుకునేలోగా అడిగింది, "మోహన్‌కృష్ణ గారు ఎప్పుడొస్తారు?"

మోహన్‌కృష్ణ మధ్యాహ్నం వచ్చాడు. తలపాగా, భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆ వేషంలోనూ హీరోలాగే ఉన్నాడు. సొసైటీ సెక్రటరీ లక్ష్మీదేవమ్మ అతనికి చెంబుడు మజ్జిగ ఇచ్చింది. కరుణాకరానికి కుండ చూపించింది.

ఆడిట్‌లో పది నిమిషాలకే దోషం దొరికింది. సెర్చ్ నుంచి వచ్చినవాళ్లను దారి మళ్లించే లైను, ఒకే ఒక్క లైను. తీసేశాడు. మంగళవారం పొద్దున మళ్లీ ఉంది. పాస్‌వర్డ్ మార్చి లక్ష్మీదేవమ్మకి ఒక్కరికే చెప్పాడు. బుధవారం పొద్దున మళ్లీ అదే లైను.

"కొత్త పాస్‌వర్డ్ ఎవరికి చెప్పారమ్మా?"

"నేనెవరికి చెప్తాను నాయనా? అదో, ఆడ రాసిపెట్టినా."

గోడకి పలక వేలాడుతోంది. దాని మీద గుండ్రటి అక్షరాల్లో పాస్‌వర్డ్!

"కాగితమైతే ఏడనో పడిపోతాది. పలకైతే కండ్ల ముందరే ఉంటాది. మా నాయన కాలం నుంచీ అట్లనే," అంది లక్ష్మీదేవమ్మ.

పలకల ఊళ్లో రహస్యం కూడా పలకకే ఎక్కుతుందన్నమాట. కరుణాకరం తల పట్టుకోలేదు. ఆ పలకతోనే ఉచ్చు పన్నాడు. లక్ష్మీదేవమ్మ కంప్యూటర్ ముట్టదు. లోపలికి వచ్చిపోయేది ఇద్దరే. గురువారం పది గంటలకి, రేణుక వచ్చే ముందు, పలక మీద 'గుండ్లకమ్మ' అని రాశాడు. ఆమె వెళ్లాక తుడిచి, మోహన్‌కృష్ణ మజ్జిగకి వచ్చే ముందు 'వెలిగొండ' అని రాశాడు. రెండూ పనిచేస్తాయి. ఏది వాడినా అతని ఫోన్‌కి అలర్ట్ వస్తుంది.

ఏది రావాలని కోరుకున్నాడో దాచడం ఎందుకు? వెలిగొండే రావాలి. మోహన్‌కృష్ణ చేతికి బేడీలు వేసే దృశ్యం మధ్యాహ్నమంతా కళ్ల ముందు ఆడింది. ఎంత పాపిష్టి ఆలోచనో తెలుసు. అయినా హాయిగా ఉంది.

మూడూ యాభై రెండు. ఫోన్ మోగింది.

గుండ్లకమ్మ.

దొంగ దొరికినందుకు సంతోషించాల్సింది పోయి ఉసూరుమన్నాడు.

"రేణుక ఏదమ్మా?"

"గిద్దలూరు బస్సెక్కి పోయినాది, పావుగంటాయె. రైలు ఉందంట."

లాగిన్ కొట్టాడు. తెరుచుకోలేదు. బస్సులోంచే ఫోన్‌లో ఆ లైను మళ్లీ పెట్టి, పాస్‌వర్డ్‌లన్నీ ఆమె మార్చేసింది. సమయం ఎనిమిది నిమిషాలు. జీపు వేసుకుని వెంటపడితే డబుల్ ఏజెంట్‌ని తనే పట్టుకోవచ్చు. పేపర్లో ఫొటో, మెడలో మెడల్. ఇక్కడ కూర్చుంటే ఎవరూ చూడని ఒక లైను చెరపడం.

కిటికీ అవతల షెడ్డులో ఆడవాళ్లు పలకలకి చెక్కచట్రాలు బిగిస్తున్నారు. చూడకుండా ఉండాల్సింది అనుకున్నాడు.

పళ్లు కొరుకుతూ ఫోన్ చేశాడు. "మోహన్‌కృష్ణా, ఎక్కడున్నావ్?"

"తర్లుపాడు దగ్గర అన్నా, గొర్రెలతో."

"రేణుక డబుల్ ఏజెంట్. గిద్దలూరు బస్సులో అటే వస్తోంది. ఆపు." ఒక్క క్షణం ఆగాడు. "నువ్వే పట్టుకో."

బలపాన్ని విరిచాడు. మాస్టర్ కీ. మూడూ యాభై ఎనిమిది. లాక్ తెరుచుకుంది. వెయ్యి లైన్ల మధ్య, ఈసారి వేరేచోట దాచిన ఆ లైను కోసం వెతుకులాట. నైరోబీలో ఆ కొనుగోలుదారు ఈపాటికి సెర్చ్ పేజీలో సొసైటీ పేరు మీద క్లిక్ చేయబోతూ ఉంటాడు. లైను దొరికింది. డిలీట్. సేవ్.

మూడూ యాభై తొమ్మిదీ యాభై ఎనిమిది సెకన్లు.

నాలుగూ నాలుగుకి సొసైటీ ఇన్‌బాక్స్‌లో ఆర్డర్ పడింది. లక్ష్మీదేవమ్మ షెడ్డులోకి పరుగెత్తింది.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. గొర్రెలాయన నూట ఇరవై గొర్రెలని రోడ్డుకి అడ్డం తోలి బస్సు ఆపినాడంట. కళ్లద్దాలామెని దించినాడంట. వీడియో అప్పుడే యాభై వేలమంది చూశారు.

మర్నాడు బస్టాండులో లక్ష్మీదేవమ్మ ఒక పలక తెచ్చి కరుణాకరం చేతిలో పెట్టింది. "మా గుర్తుగా ఉంచుకో నాయనా."

'మా సొసైటీని కాపాడిన వారు' అని ఉంది. కింద ఒకటి, మోహన్‌కృష్ణ. రెండు, కరుణాకరం.

బస్సు కదిలింది. కరుణాకరం ఫోన్ తీసి 'మార్కాపురం పలకలు' అని వెతికాడు. సొసైటీ సైటు మొట్టమొదట వచ్చింది. క్లిక్ చేస్తే దారి తప్పకుండా తెరుచుకుంది. చాలాసేపు దాన్నే చూశాడు.

తర్వాత అటూ ఇటూ చూసి, బొటనవేలు తడిచేసుకుని, ఆ రెండు పేర్లూ తుడిచి, సగం విరిగిన బలపంతో వరస మార్చి రాసుకున్నాడు.