నాడి డెబ్బై రెండు

మంచం మీద నీలం బ్యాగు తెరిచి ఉంది. అక్క అందులో రెండు జతల బట్టలు, దువ్వెన, సూదీ దారం, ఒక శాలువా సర్దింది. ఆపైన మోకాళ్ళ నొప్పి ఆయింట్‌మెంటు పెట్టి, మళ్ళీ తీసి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, మళ్ళీ పెట్టింది.

"ఎవరావిడో తెలీదన్నావు, ఎంత వయసో తెలీదన్నావు. వెళ్ళేది ఎవరైనా మోకాళ్ళుంటాయి కదా."

"ఉంటాయి. త్వరగా కానీ అక్కా."

"తిరిగొస్తుందా ఆవిడ?"

చెల్లెలు శాలువా మడత సరిచేసింది. అక్క ఆమె ముఖంలోకి చూసి, లోపలికి వెళ్ళి ఇంకో శాలువా తెచ్చింది.

అక్క ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసే సర్కారీ నర్సు. రోజుకు ఇరవై ఆరు ఇళ్ళు, ఇంటికి తొమ్మిది నిమిషాలు. చెల్లెలు ఎగుమతుల ఆఫీసులో గుమస్తా అని అక్క ఇరవై ఏళ్ళుగా నమ్ముతున్నట్టు నటిస్తోంది. రహస్య విభాగంలో ఆ గుమస్తా పేరు సూది.

"నీ యూనిఫాం, నీ కార్డు ఈ రోజుకి నాకు కావాలి."

"తీసుకుపో. ట్రైనింగ్‌లో నా బదులు నువ్వు కూర్చుంటే నా ఇళ్ళు నేను తిరగొచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ మొదలయ్యే రోజే నర్సులందర్నీ హాల్లో కూర్చోబెట్టాలని ఎవడికి పుట్టిందో ఆ బుద్ధి. ఇళ్ళ దగ్గర వాళ్ళని ఎవరు చూస్తారు?"

ఆ బుద్ధి ఎవరిదో సూదికి తెలుసు. చెప్పకుండా బ్యాగు జిప్పు లాగింది.

ముందురోజు మధ్యాహ్నం ఆమె పంటి డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని అసైన్‌మెంట్ విన్నది. విభాగం అధిపతి ఆ క్లినిక్‌ను ముసుగుగా నడిపేవాడు. ఆయన్ను అందరూ డెంటిస్ట్ అనే పిలిచేవారు. నోట్లో అద్దం పెట్టి బ్రీఫింగ్ ఇవ్వడం ఆయనకు ఇష్టం. ఎదురు ప్రశ్నలుండవు.

"ఊరట. ఇళ్ళల్లో ఒంటరిగా ఉన్న నాలుగు లక్షల మంది రోగుల్ని చూసే సాఫ్ట్‌వేర్. ప్రతి ఇంట్లో ఓ మందుల డబ్బా. సాఫ్ట్‌వేర్ చెప్పిన వేళకి, చెప్పినన్ని మాత్రలు వదులుతుంది. రేపు పదకొండుకి కొత్త వెర్షన్. మంత్రిగారు మీట నొక్కుతారు. పదకొండుంబావుకి డబ్బాలు తెరుచుకుంటాయి."

"ఆ."

"ఆ నాలుగు లక్షల్లో ఒకాయన మన అతిథి. ఆరేళ్ళ కిందట శత్రుదేశం వదిలి మన వైపు వచ్చిన కోడ్ ఆఫీసరు. పేరు మార్చాం, ఊరు మార్చాం, ముఖం కూడా కాస్త మార్చాం. గుండె మార్చలేదు. అందులో పేస్‌మేకర్ ఉంది. కూర్చున్నా పడుకున్నా నాడి డెబ్బై రెండే. ఆ దేశం పంపిన ముఠాకి తెలిసిన గుర్తు అదొక్కటే. కొత్త వెర్షన్‌లో ఒక రూల్ దూర్చారు. మూడు నెలలుగా ప్రతి విజిట్‌లో నాడి డెబ్బై రెండే ఉన్న మనిషికి రేపు బీపీ మాత్ర ఒకటి కాదు, ఎనిమిది. ఇళ్ళల్లో ఆపేవాళ్ళు లేకుండా నర్సులందర్నీ హాల్లో కూర్చోబెట్టించిందీ వాళ్ళే."

"ఆఁ?"

"అతిథిని తరలించేశాం. రూల్ నడవనీ. నడిస్తేనే వాళ్ళు సంబరపడి బయటికొస్తారు. సిల్కు అని, ఊరట తయారుచేసిన కంపెనీలో ట్రైనర్. వాళ్ళ మనిషి, ఏడాదిగా మన మనిషి కూడా. రూల్ దూర్చిందీ ఆమే, మనకి చెప్పిందీ ఆమే. ముఠా పేర్లన్నీ ఓ పెన్నులో పెట్టి నీకిస్తుంది. బదులుగా పన్నెండూ అయిదు రైలుకి ఆమెను దేశం దాటించాలి. బ్యాగొకటి సర్దించు, చేతులూపుకుంటూ వస్తుంది."

ఆయన ఆమె దవడ పంటికి చిన్న లోహపు తొడుగు బిగించాడు. అందులో రేడియో. రెండుసార్లు కొరికితే ఆయనకు వినపడుతుంది. ఆయన మాటలు మాత్రం ఎప్పుడూ వినపడుతూనే ఉంటాయి.

*

కంపెనీ హాల్లో ఆరువందల మంది నర్సులు, ఆరువందల ట్యాబ్లెట్లు. గోడ మీద మంత్రిగారి నిలువెత్తు ముఖం. మెడలో పెద్ద కెమెరాతో ఫొటోగ్రాఫర్ ఒకడు గోడవార తిరుగుతున్నాడు. చాలాసేపటి నుంచి ఒక్క ఫొటో తీయలేదని సూది గమనించింది.

వేదిక మీద సిల్కు. పచ్చ సిల్కు గౌను, ఎత్తు మడమల చెప్పులు, సినిమా తారలా నవ్వు. నర్సులంతా ఆమె జుట్టునే చూస్తున్నారు. ఆమె వరుసల మధ్యకు దిగింది.

"మోకాళ్ళ నొప్పికి ఏ ఫారం మేడమ్?" అని అడిగింది సూది.

"నాలుగో ఫారం. కానీ దానికింకా పేజీ పెట్టలేదు."

కోడ్ సరిపోయింది. పెన్ను సూది జేబులో పడింది. పని అయిపోయింది. ఇక రైలు ఎక్కించడమే మిగిలింది.

"ఇప్పుడు ప్రాక్టీస్," సిల్కు మైకులో చెప్పింది. "ఒక విజిట్ నమోదు చేసి మూసేయండి."

సూది నాడి గడి దగ్గర ఆగిపోయింది. ఎంత కొట్టాలో తెలియక పక్కావిడ ట్యాబ్లెట్‌లోకి తొంగి చూసింది. డెబ్బై రెండు. అటుపక్క చూసింది. డెబ్బై రెండు. లేచి ముందు వరుస మీదుగా చూసింది. డెబ్బై రెండు, డెబ్బై రెండు, డెబ్బై రెండు.

"అమ్మా, అందరూ అదే ఎందుకు కొడుతున్నారు?"

పక్కనున్న పెద్ద నర్సు ఆమెను ఎగాదిగా చూసింది. "కొత్తదానివా? ఆ గడి నింపందే విజిట్ మూసుకోదు. తొమ్మిది నిమిషాల్లో తలుపు తీసేసరికే మూడు పోతాయి. పుండుకి కట్టు కట్టనా, చెయ్యి పట్టుకుని గడియారం చూస్తూ కూర్చోనా? డెబ్బై కొడితే గుండ్రంగా ఉందని పైవాళ్ళకి అనుమానం. డెబ్బై రెండైతే కొలిచినట్టుంటుంది."

"ప్రతిసారీ అదేనా?"

"చేతికి అలవాటైపోయిందమ్మా."

గోడ గడియారం పదకొండు. మంత్రిగారు మీట నొక్కారు. చప్పట్లు.

*

సూది పక్క గదిలోకి నడిచి రెండుసార్లు కొరికింది. "ఒకడు కాదు సార్. రూల్ వేలమందికి తగులుతుంది. నర్సులు నాడి కొలవడం లేదు, అంకె కొడుతున్నారు. ఆపండి."

దవడలోంచి డెంటిస్ట్ గొంతు తాపీగా వచ్చింది. "కచ్చితంగా తెలుసా?"

"కళ్ళతో చూశాను."

"ఆపాలంటే మంత్రిగారి సంతకం కావాలి. ఆయన వేదిక మీద ఉన్నారు. ఫైలు పెడతాను."

"పద్నాలుగు నిమిషాలుంది సార్."

"మామూలుగా అయితే మూడు రోజులు పడుతుంది. తొందరపెడతానులే."

సూది తలుపు తోసుకుని కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళింది. అక్కడ ప్రాజెక్టు మేనేజరు టై సర్దుకుంటున్నాడు. అతను ముఠా మనిషి కాడు. అంత పనిమంతుడు కూడా కాడు. ఆమె మూడు వాక్యాల్లో చెప్పింది.

"అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదమ్మా," అన్నాడతను. "నాడి కొలవాలని మాన్యువల్‌లో నలభయ్యో పేజీలో ఉంది. నర్సులు మాన్యువల్ చదవకపోతే మేమేం చేస్తాం?"

"నువ్వు ఎప్పుడైనా ఒక్క ఇంటికైనా వెళ్ళావా?"

"నేనెందుకు వెళ్తాను? మేం డిజైన్ చేస్తాం."

సూది ఇరవై ఏళ్ళలో ఎందరో హంతకులను చూసింది. వాళ్ళెవరి మీదా రానంత కోపం ఈ ఇస్త్రీ చొక్కా మీద వచ్చింది.

వెనక తలుపులోంచి సిల్కు వచ్చింది. నవ్వు వేదిక మీదే వదిలేసి వచ్చినట్టుంది. సూది చెప్పింది విని టెర్మినల్ ముందు కూర్చుని, రూల్ ఎంతమందికి తగులుతుందో లెక్క అడిగింది. తెర మీద జవాబు వచ్చింది. పదకొండు వేల మూడువందల నలభై.

"మాకు పరీక్షకి ఇచ్చింది ఉత్తుత్తి రోగుల్ని," అంది సిల్కు నెమ్మదిగా. "రెండువందల మంది. వాళ్ళలో డెబ్బై రెండు ఒక్కడికే. అసలు రికార్డులు ఇవాళ పదకొండు దాకా నాకు తెరుచుకోవు. ఒక్కడికే తగులుతుందని అనుకున్నాను. ఆ ఒక్కణ్ణీ మీరు దాచేస్తారని అనుకున్నాను." మేనేజరు వైపు తిరిగింది. "ఈ గడి పనికిరాదని నర్సులు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ 'ఇప్పుడు కాదు' అని మూసేశావు."

"ప్రయారిటీలుంటాయి కదా," అన్నాడు మేనేజరు. ఫోనందుకుని సెక్యూరిటీని పిలిచాడు.

"తీసేయగలవా?" అడిగింది సూది.

"నా లాగిన్‌తోనే తియ్యాలి. తీసిన మరుక్షణం మా ముఠా కాపలావాడి ఫోను మోగుతుంది." అద్దాల గోడ అవతల ఫొటోగ్రాఫర్ నిలబడి ఉన్నాడు. "కెమెరాలో ఫిల్మ్ లేదు. ఏముందో నాకు తెలుసు."

పదకొండూ పది. దవడలో డెంటిస్ట్ గొంతు: "ఫైలు కదిలింది. కార్యదర్శిగారి టేబుల్ మీదుంది."

సూది మనసులో అక్క కనపడింది. ఈపాటికి ఏ ముసలావిడ ఇంట్లోనో వంగి కట్టు కడుతూ ఉంటుంది. డబ్బా మోగుతుంది. ఎనిమిది పడతాయి. అక్క చూస్తుంది, ఆపుతుంది. ఆ ఒక్క ఇంట్లో ఆపుతుంది. మిగతా ఇళ్ళల్లో ఆపడానికి ఎవరూ లేరు. నర్సులంతా హాల్లో చప్పట్లు కొడుతున్నారు.

"నీ బ్యాగు స్టేషన్లో ఉంది," అంది సూది. "పద్దెనిమిదో లాకరు. పన్నెండూ అయిదు రైలు."

"ఏం పెట్టారు?"

"శాలువాలు రెండు. మోకాళ్ళకి ఆయింట్‌మెంటు."

సిల్కు మొదటిసారి మామూలు మనిషిలా నవ్వింది. "ఈ చెప్పులతో పొద్దున్నించీ చస్తున్నాను. ఎవరికి తోచింది?"

"మా అక్కకి."

"అక్కకి థాంక్స్ చెప్పు." ఆమె వేళ్ళు మీటల మీద పడ్డాయి. పాస్‌వర్డ్. తప్పు. మళ్ళీ. పదకొండూ పద్నాలుగు. రూల్ తెర మీదికి వచ్చింది. తొలగించాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. అవును. నిజంగానా అని అడిగింది. సిల్కు పళ్ళు కొరుకుతూ అవును అంది. కారణం రాయమని అడిగింది. ఆ గడి నింపందే మూసుకోదు.

సిల్కు ఒక్క క్షణం ఆలోచించి, ఆ గడిలో డెబ్బై రెండు అని కొట్టింది. మూసుకుంది.

గోడ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు దాటింది. పదకొండుంబావు. నాలుగు లక్షల ఇళ్ళల్లో డబ్బాలు ఒక్కసారి మోగాయి. ఎవరి మాత్రలు వాళ్ళకి పడ్డాయి.

అద్దం అవతల ఫొటోగ్రాఫర్ ఫోను చూసుకుని తలెత్తాడు. సిల్కు లేచింది. "నేను వెనక మెట్ల నుంచి వస్తాను. నువ్వు ముందు పద, లాకరు తీసి పెట్టు."

"కలిసే వెళ్దాం."

సిల్కు అప్పటికే వెనక తలుపు దాటింది, అద్దం అవతల ఫొటోగ్రాఫర్ కూడా లేడు. అప్పుడే సెక్యూరిటీవాళ్ళు నలుగురు వచ్చి సూది రెండు చేతులూ పట్టుకున్నారు. ఒకడు కార్డు అందుకుని చదివాడు. "ముఖం ఈ ఫొటోకి సరిపోవడం లేదు."

"వదలండి. అక్కడ ఆమెని చంపేస్తారు."

"ముందు సంతకం పెట్టండి మేడమ్. చొరబాటు ఫారం."

సూది ఒకణ్ణి గోడకు కొట్టింది, ఇంకొకడి మణికట్టు విరిచింది. మిగతా ఇద్దరు మీద పడ్డారు. ఆమె విడిపించుకునేసరికి ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. పదకొండూ నలభైకి దవడలో డెంటిస్ట్ సంతోషంగా చెప్పాడు: "సంతకం అయింది. ఇక ఆపేయొచ్చు."

వెనక మెట్ల మీద ఎవరూ లేరు. మూడో మెట్టు మీద ఎత్తు మడమ చెప్పు ఒకటి పడి ఉంది.

స్టేషన్లో సూది లాకరు తెరిచి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పచ్చ రంగు కనపడినప్పుడల్లా లేచి నిలబడింది.

పెన్నులోని పేర్లతో తొమ్మిది మందిని పట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్ వాళ్ళలో లేడు. మేనేజరుకు ప్రమోషన్ వచ్చింది. రిపోర్టులో, కొత్త వెర్షన్ అనుకున్న వేళకి అనుకున్నట్టే నడిచిందని డెంటిస్ట్ రాశాడు. సూది ఆయన కుర్చీలో పడుకోలేదు. నిలబడే పంటి తొడుగు పీకి, రక్తంతో సహా ఆయన ట్రేలో ఉమ్మింది.

నెల తిరక్కుండానే సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట నాడి గడిలో డెబ్బై రెండు కొడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఇంటికి కేటాయించిన సమయం ఎనిమిది నిమిషాలు.

"ఇప్పుడేం చేస్తున్నారక్కా?" అని అడిగింది సూది.

"డెబ్బై నాలుగు కొడుతున్నాం," అంది అక్క. తర్వాత, మంచం కింద ఉన్న నీలం బ్యాగు వైపు చూసి అడిగింది, "ఆవిడ తీసుకోలేదా?"

సిల్కు రాలేదు. ఆ రోజు, పన్నెండూ అయిదు రైలుకి.