అన్న చేతిపని

తండ్రి చిన్నకొడుక్కి భూతద్దం ఇచ్చాడు, పెద్దకొడుక్కి ఆకురాయి ఇచ్చాడు. అది అన్యాయం. అందులో వాదన లేదు.

పెద్దకొడుకు పాత యుద్ధాలనాటి రైఫిళ్ళకు నకళ్ళు చేసేవాడు. పేలనివి, సినిమాలకూ గోడలకూ. అసలేదో నకలేదో తేల్చి, వెలకట్టి సంతకం పెట్టడం తమ్ముడి పని. ఒకే ఇల్లు. ముందుగదిలో తమ్ముడి బల్ల, దానిమీద పచ్చగుడ్డ. వెనక వరండాలో అన్న పనిబల్ల, ఇనప రజను. వచ్చినవాళ్ళు తమ్ముడికి నమస్కారం పెట్టేవారు, అన్నను మంచినీళ్ళు అడిగేవారు. భార్య పోయిన ఈ ఆరేళ్ళలో ఆయన్ను నీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు.

ఆ ఉదయం తమ్ముడు మ్యూజియం కోసం ఒక రైఫిల్ పరీక్షిస్తున్నాడు. వారం క్రితం అది గడప దాటగానే అన్న గుర్తుపట్టాడు. పన్నెండేళ్ళ కిందట తను చేసి, నకలని చెప్పే అమ్మాడు. అది చేతులు మారింది, నకలన్న మాట మధ్యలో ఎక్కడో రాలిపోయింది. వారమంతా ఆయన నోరు విప్పలేదు. తమ్ముడు సంతకం పెట్టాలి. అప్పుడు చెప్పాలి.

"అంకెలు చూడు," తమ్ముడు భార్యకు చూపిస్తున్నాడు. "ఒకటి లోతుగా, ఒకటి పైపైన. ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవి. ఇనుము కింద చెక్క రంగు చూశావా? నకిలీదైతే ఇలా కుదరదు."

"మీ కళ్ళు కూడా మ్యూజియంలో పెట్టమనండి," మరదలు నవ్వింది. "విన్నారా బావగారూ?"

"విన్నాను. సంతకం అయిందా?"

"ఇప్పుడే అయింది."

అన్న లోపలికొచ్చాడు. స్క్రూలు విప్పి, గొట్టం ఎత్తి, కింద చెక్కగాడిని కిటికీ వెలుగుకు తిప్పాడు. తన బల్లమీది సగం చెక్కిన చెక్క తెచ్చి పక్కన పెట్టాడు.

"ఉలిగీతలు ఎటు వాలాయిరా?"

తమ్ముడు వంగి చూశాడు. రెండింటిలోనూ ఒకే వాలు.

"ఎడమకి."

"ఈ ఇంట్లో ఎడంచేతివాటం ఎవరిది?"

మరదలి ముఖం పాలిపోయింది. "తెలిసి కూడా సంతకందాకా చూస్తూ కూర్చున్నారా? ఈయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నలభై ఏళ్ళు నేను ఎక్కడ పెట్టుకున్నానో అక్కడే."

తమ్ముడు కేకలెయ్యలేదు. గాడి వెంట వేలు పోనిచ్చాడు.

"నీ పని ఒక్కసారైనా విప్పి చూడలేదన్నయ్యా. చూసుంటే ఇవాళ పట్టుకునేవాణ్ణి." "ఎంత బాగా చేశావు!"

తిడితే చెప్పడానికి అన్న దగ్గర జవాబుంది. ఆయన విప్పిన స్క్రూలు ఏరసాగాడు.

తమ్ముడు కాగితం చింపి ఇంకోటి రాశాడు. ఇది నకలు. చేసింది మా అన్నయ్య. నేను అసలని నమ్మాను.

"నేనే వెళ్ళి ఇస్తా. ఇంక నన్ను పిలవరేమో."

"ఆ చివరి ముక్క కొట్టెయ్యరా."

"అది తీసేస్తే నీ పనికి వెలెక్కడుంది?"

అన్న వరండాలోకి పోయాడు. కంట్లో రజను పడిందని మరదలితో అన్నాడు. ఆకురాయి ఇంకా ముట్టుకోనేలేదు.

మ్యూజియం మళ్ళీ పిలవలేదు. నెల తర్వాత తమ్ముడు టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. "అన్నయ్యా, ఆ రోజు..."

"ఆ సంగతి నా దగ్గర ఎత్తకు," అన్నాడు అన్న. "నేను చచ్చేదాకా ఎత్తకు."

టీ తీసుకున్నాడు. తమ్ముడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.