హబ్‌లో మూడో వైరు

"సాయంత్రం ఆరూ నలభై రెండుకి శత్రు ఉపగ్రహం తల మీదికొస్తుంది. కాజీపల్లి పారిశ్రామికవాడలో ఏదో ఒక షెడ్డు కప్పు మీంచి దానికి లేజర్ కొడతారు. గురి కుదరడానికి ఒక్క నిమిషం. ఆ తర్వాత మన మిసైల్ డ్రాయింగ్ దేశం దాటిపోతుంది. ఏ నంబరు షెడ్డో చెప్పు, కరెంటు మేం పీకేస్తాం."

చీఫ్ ఇంద్రజ బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ దుర్గాప్రసాద్ ఏసీ మెకానిక్ వేషంలో కాజీపల్లిలో ఓ కిరాయి డాబా ఎక్కాడు. పైన టెలిస్కోపుకి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా బిగిస్తూ ఖుష్నుమా ఉంది. కంటికి కనబడని లేజర్‌ని పట్టేది ఆ కెమెరా ఒక్కటే. నిన్నటిదాకా ఆ లేజర్ ముఠా మనిషి, ఇవాళ మన మనిషి. అంత అందగత్తెను నమ్మకూడదని దుర్గాప్రసాద్ ఎప్పుడో తీర్మానించేసుకున్నాడు!

ఆమె వైర్లు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ హబ్‌లో గుచ్చి, శుక్రగ్రహం మీద ఫోకస్ కుదిర్చి చాయ్ తేవడానికి కిందికెళ్లింది. తిరిగొచ్చేసరికి స్క్రీన్ నల్లబడింది. కెమెరా డిస్‌కనెక్టెడ్.

ఆరూ ఇరవై ఐదు. కేబుల్ మార్చాడు. డ్రైవర్ మళ్లీ ఎక్కించాడు. ల్యాప్‌టాప్ ఆపి వేశాడు. శుక్రుడు కనబడతాడు, నిమిషంలో మాయం.

"నువ్వే చేశావు! అమ్ముడుపోయావు! చాయ్ పేరుతో కిందికెళ్లి ఎవరితో మాట్లాడావే, ద్రోహీ?"

"అరే, గిట్లెట్ల అంటవ్ సార్? జెర నా మాటిను..."

వినలేదు. ఆమె చేతికి బేడీ వేసి నీళ్ల ట్యాంకు పైపుకి తగిలించాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె తల వంచుకుని జడ సర్దుకుంది.

ఆరూ నలభై రెండు. లేజర్ వెలిగే ఉంటుంది. టెలిస్కోపు షెడ్ల వైపు తిప్పి ఉంచినా స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది.

"సార్, పరేషాన్ గాకు. హబ్ సూడు. దాని కరెంటు కెమెరాకి, టెలిస్కోపు తిప్పే మోటారుకి సరిపోతది. ఇంకోటి గుచ్చితే కెమెరా పడిపోతది. గండ్ల మూడో వైరు ఎవరు పెట్టిన్రు?"

దుర్గాప్రసాద్ హబ్ వైపు చూశాడు. పెట్టింది తనే. ఆమె చాయ్‌కి వెళ్లినప్పుడు, ఆమె మాటలన్నీ హెడ్డాఫీసుకి వినిపించే దొంగ మైకు.

పీకేశాడు. కెమెరా బతికింది. నీలం రేకుల కప్పు మీంచి తెల్లటి గీత!

"షెడ్డు పదిహేడు!" ఫోన్లో అరిచాడు. గీత ఆరిపోయింది. అప్పటికి నిమిషంలో మిగిలింది నాలుగు సెకన్లు.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తాళంచెవి పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. ఖుష్నుమా జడపిన్ను సర్దుకుంటోంది. బేడీ ఊడి ఒళ్లో ఉంది.

"ఎప్పుడు తీశావు?"

"ఏసిన నిమిషానికే. ఉరికితే నువ్వన్నదే నిజమైతదని కూసున్న."

"తప్పయిపోయింది, ఖుష్నుమా. నన్ను క్షమించు." ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఆమె చల్లారిపోయిన చాయ్ గ్లాసు అతని చేతికిచ్చింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్, ప్రసాద్. అన్నట్టు, నీ మైకులోంచి ఆఫీసంతా విన్నాం. ఒక్కో తిట్టూ గంట కొట్టినట్టు వినిపించింది. ఆ ఒక్క పరికరం మాత్రం భేషుగ్గా పనిచేసింది."