మీనాక్షి కుట్టు సరదా

దివాలా తీయాలన్నా అపాయింట్‌మెంట్ తీసుకోవాలని మీనాక్షికి ఆ వారమే తెలిసింది. అది కూడా అంత తేలిగ్గా దొరకలేదు. అంటే కెనడాలోని ఈ విండ్సర్‌లో మునిగింది వీళ్లొక్కళ్లే కాదన్నమాట... ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ లోలోపల కాస్త ఊరటగానే అనిపించింది.

అపాయింట్‌మెంట్‌కి ముందురోజు సాయంత్రం అంతా డైనింగ్ టేబుల్ చుట్టూ చేరారు. మొగుడు రవిశంకర్ తల పట్టుకుని, వాళ్లమ్మ సరోజ జపమాల పట్టుకుని, కూతురు ధాత్రి లాప్‌టాప్ పట్టుకుని. రవిశంకర్ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ లేఆఫ్ అయ్యాక చేతికొచ్చిన డబ్బు, మీనాక్షి బంగారం కలిపి టిఫిన్ సెంటర్ పెట్టాడు. దోశలు బాగానే ఉండేవి, బేరాలే బాగుండేవి కావు. చివరికి మూతపడింది. బ్యాంకు లోను మీదా క్రెడిట్ కార్డుల మీదా మొగుడూ పెళ్లాలిద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి ఇప్పుడు మునిగేది కూడా ఇద్దరూ కలిసే.

కాల్గరీ నుంచి మరిది శేషగిరి ఫోన్‌లో ధైర్యం చెబుతున్నాడు. దివాలా తీస్తే అన్నీ పట్టుకుపోరట, ఇంటి విలువలో ఇంత ఉంచుతారట, బండిలో ఇంత ఉంచుతారట, వాళ్లాఫీసులో ఎవరికో అలాగే జరిగిందట. "బాబాయ్, దట్స్ అల్బర్టా. వీ ఆర్ ఇన్ ఒంటారియో," అంది ధాత్రి స్క్రీన్ మీంచి తలెత్తకుండానే. ఒక్కో ప్రావిన్స్‌కి ఒక్కో లెక్కట. ఇక్కడి లెక్క ప్రకారం ఒంటి మీద బట్టల జోలికి రారు. మంచాలు, ఫ్రిజ్ లాంటి సామాన్లు ఒక విలువ వరకు ఉంచుతారు. పాత కారు కాబట్టి అదీ ఉంటుంది. ఇల్లు ఎలాగూ అద్దెదే. సరోజ మాత్రం పూజగదిలో వెండి సామాను ఏమవుతుందో అన్న బెంగతో అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగింది. మీనాక్షి ఏమీ అడగలేదు. ఆమె మనసంతా బేస్‌మెంట్‌లోనే ఉంది.

బేస్‌మెంట్‌లో మూడు మిషన్లు ఉన్నాయి. కుట్టు మిషన్ ఒకటి, అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, గోడవారగా గేదెలా కూర్చున్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటి. కొత్తలో పక్కవీధి తెలుగావిడకి ఒక జాకెట్టు కుట్టిచ్చింది. ఆవిడ అది వేసుకుని నది అవతల అమెరికాలోని డెట్రాయిట్‌లో ఏదో పెళ్లికెళ్లింది, అంతే! ఇండియాలో కుట్టించుకున్నవి ఇక్కడికొచ్చాక పట్టక, ఇక్కడ చేతులు సరిగ్గా కుట్టేవాళ్లు దొరక్క అల్లాడుతున్న ఆడవాళ్లంతా చీరలూ ఆది జాకెట్లూ పట్టుకుని బ్రిడ్జి దాటి రావడం మొదలుపెట్టారు. పెళ్లిళ్ల సీజన్‌లో మీనాక్షి మెడ వంచితే ఎత్తేది కాదు. టిఫిన్ సెంటర్ వంటమాస్టర్ జీతం, ధాత్రి ఫీజులు, ఇంటద్దె... అన్నీ ఆ మెడనొప్పిలోంచే వచ్చాయి. ఆ డబ్బుని రవిశంకర్ టిఫిన్ సెంటర్ ఖాతాలోనే వేసేవాడు. ఎలాగూ ఒకటే ఇల్లు కదా అనేవాడు. సరోజేమో ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ, "మా కోడలికి కుట్టంటే మహా సరదా. ఊరికే కూర్చోలేదు," అని చెప్పేది. అలా చెప్పకపోతే కొడుకు పెళ్లాం సంపాదన మీద బతుకుతున్నాడని చెప్పాల్సి వస్తుంది మరి! వినీ వినీ మీనాక్షి కూడా నవ్వి ఊరుకోవడం అలవాటు చేసుకుంది. నిద్ర చాలని మనిషికి వాదించడం కన్నా నవ్వడమే తేలిక.

మర్నాడు ఆఫీసులో డెబ్రా అనే పెద్దావిడ కూర్చోబెట్టింది. దివాలా కేసులు చూసే ట్రస్టీ ఆవిడ. తిట్టలేదు, జాలిపడలేదు, పళ్ల డాక్టర్‌లా ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. ఏం పనిచేస్తారని రవిశంకర్‌ని అడిగితే ప్రస్తుతానికి ఏమీ లేదన్నాడు. తర్వాత మీనాక్షి వైపు తిరిగి అదే అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే రవిశంకర్, "హౌస్‌వైఫ్," అనేశాడు.

సామాన్ల దగ్గరికొచ్చేసరికి డెబ్రా పెన్ను మిషన్ల దగ్గర ఆగింది. ఎవరివి, దేనికని అడిగింది. ఇవి బతుకుతెరువుకి వాడే పనిముట్లయితే చట్టం ఒక విలువ వరకు వాటిని ముట్టుకోదట. సెకండ్‌హ్యాండ్ రేటు చూస్తే ఇవన్నీ ఆ విలువలోపే ఉంటాయట. అదే కాలక్షేపానికి కొనుక్కున్నవైతే మాత్రం అమ్మేసి బాకీలకి జమ చేయాల్సిందేనట. అంతా చెప్పి, పరీక్షలో పిల్లాడికి సాయం చేసే టీచర్‌లా మళ్లీ నిదానంగా అడిగింది... ఇది ఈవిడ వృత్తా, కాదా?

రవిశంకర్ బూట్ల వైపు చూసుకున్నాడు. "హాబీ," అన్నాడు. "సరదాకి కుడుతుంది."

మీనాక్షి అప్పుడే కాదనగలిగేదే. ఇంగ్లీషు రాక కాదు, ధైర్యం లేక కాదు. మిషన్లు పోతాయని తెలిసి కూడా... ఇన్నేళ్లుగా ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి వస్తుందేమోనని ఎదురుచూసిన మనిషి, ఇంకొక్క నిమిషం చూద్దామనుకుంది. ఆ నిమిషం కూడా అయిపోయింది. డెబ్రా ఇద్దరినీ మార్చి మార్చి చూసి పెన్ను కింద పెట్టేసింది. వచ్చేవారం వచ్చి ఇవన్నీ నిజమని ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలనీ, ఈలోపు బాగా ఆలోచించుకోమనీ చెప్పింది. అది వృత్తే అయితే కాగితం మీద ఎక్కడా ఆనవాలు లేదు కాబట్టి కస్టమర్ల చేత రాయించుకు రమ్మంది.

ఇంటికి రాగానే మీనాక్షి మేడ మీదకెళ్లి పడుకుంది.

పొద్దున్న సరోజ కాఫీ పట్టుకొచ్చి, డెట్రాయిట్ దగ్గరి నోవై వాళ్ల పెళ్లి జాకెట్లకి హుక్కులు ఇంకా కుట్టలేదుగా అని గుర్తుచేసింది.

"మూడ్ లేదత్తయ్యా."

"మూడేంటే?"

"సరదాకి కుట్టేదాన్ని కదా. మూడ్ ఉండాలి."

మీనాక్షి దుప్పటి కప్పుకుని అటు తిరిగింది. కోపంతో చేసిన పని కాదది. కోపానికైనా ఓపిక కావాలి. పడుకోవడం ఎంత బాగుందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ రోజూ కుట్టలేదు, మర్నాడూ కుట్టలేదు. ఇల్లంతా మూగబోయింది. కింద మిషన్ చప్పుడు లేకపోతే ఫ్రిజ్ అంత గట్టిగా మూలుగుతుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు! ఆమె ఫోన్ హాల్లో మోగి మోగి ఆగిపోయేది. రవిశంకర్ బేస్‌మెంట్‌లోకి దిగి చీరల మూటల మధ్య నిలబడి, ఏది ఎవరిదో, ఏది ఎప్పటికివ్వాలో తెలియక మళ్లీ మెట్లెక్కి వచ్చేవాడు. ధాత్రి మాత్రం అమ్మ పక్కన చేరి, "స్లీప్, అమ్మా. ఐ విల్ కుక్," అంది. మాడిన పప్పు తిని నలుగురూ బాగుందన్నారు.

శనివారం నోవై నుంచి చంద్రకళ వచ్చింది. కూతురి పెళ్లి జాకెట్లు ఆ రోజే ఇవ్వాలి మరి. పైన గది తలుపు తీసే ఉంది, మీనాక్షికి అన్నీ వినిపిస్తున్నాయి. ముందు రవిశంకర్ మీనాక్షికి ఒంట్లో బాలేదన్నాడు. చంద్రకళ అయ్యో అంటూ మేడెక్కబోయింది. వద్దనడానికా అన్నట్టు సరోజ, అలవాటు కొద్దీ, మా కోడలిది సరదా కుట్టే కదమ్మా, బుద్ధి పుట్టినప్పుడు కుడుతుందిలే అంది.

"పిన్నిగారూ, మీ కోడలి సరదా కోసం పొద్దున్నుంచి ఆ బోర్డర్ దగ్గర కారులో కూర్చున్నానా నేను? ఈ సరదాకే పోయిన ఏడాది మా వదినవాళ్లింటి పెళ్లికి మొత్తం డబ్బు ముందే ఇచ్చాం మరి. ఇవ్వకపోతే బట్ట ముట్టుకోనంది," అని నవ్వింది.

ఎవరూ నవ్వలేదు. చెప్పుల స్టాండు పక్కనున్న బల్ల కిర్రుమంది. రవిశంకర్ కూలబడ్డాడన్నమాట.

"చంద్రకళ గారూ, ఒంట్లో బాగానే ఉంది ఆవిడకి. మాకే బాలేదు. మేం దివాలా తీస్తున్నామండీ."

ఈ సంగతి ఊళ్లో ఒక్క తెలుగువాడికి కూడా తెలియకూడదని ఆయన గుడికి కూడా వెళ్లడం మానేశాడు. అలాంటిది డెట్రాయిట్ తెలుగువాళ్ల పెళ్లిళ్లన్నీ తిరిగే చంద్రకళతో చెబుతున్నాడు... ఆయన గొంతు సన్నగా, విసిగిపోయినట్టుగా, కానీ ఆగకుండా వస్తూనే ఉంది. ఆ మిషన్లు వాళ్లు పట్టుకుపోతారట, తను హాబీ అని చెప్పాడు కాబట్టి.

"అలా ఎందుకన్నారండీ?"

"పెళ్లాం కుట్టుపని మీద తింటున్నామని చెప్పడానికి నోరు రాలేదు."

"రవీ, పరాయివాళ్ల ముందు ఏంట్రా ఆ మాటలు," అంది సరోజ.

"వీళ్లకి తెలియందేముందమ్మా? ఆ డబ్బులిచ్చింది వీళ్లే కదా. మన అద్దె కట్టింది వీళ్ల పెళ్లి జాకెట్లే. ధాత్రి చదువూ అంతే. నీ మందులూ అంతే. టిఫిన్ సెంటర్ నేను నడిపాననుకున్నాను... దాన్ని కూడా మీనాక్షే నడిపింది. నేను ముంచాను."

పైన మీనాక్షి మంచం దిగింది. ఇన్నేళ్లుగా ఈ మాట వింటే ఏడుస్తాననుకుంది, లేదంటే గెలిచినట్టు ఉంటుందనుకుంది. రెండూ కాలేదు. బరువు దించాక భుజం ఇంకా నొప్పి పుడుతుందే, అలా ఉంది. మెట్ల దాకా వచ్చి పైమెట్టు మీద కూర్చుంది. కింద నుంచి ముగ్గురూ తలెత్తి చూశారు. సరోజ కళ్లు తుడుచుకుంటోంది. కోడలి వైపు చూడలేక పొయ్యి మీద పాలున్నాయంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలేమీ లేవని అందరికీ తెలుసు.

చంద్రకళ తను రాసిస్తానంది. తనొక్కతే కాదు, జాకెట్లు కుట్టించుకున్న ప్రతి ఒక్కరి చేతా రాయిస్తానంది. ఇంకా చాలా చెప్పింది, మంచి మాటలే. అంతా అయ్యాక మొహమాటంగా మెట్ల వైపు చూసింది. "అది సరే గానీ మీనాక్షీ... మా పిల్ల జాకెట్లు?"

మీనాక్షికి నవ్వొచ్చింది. నిజంగా వచ్చింది. "మంగళవారానికి ఇస్తాను వదినా. కానీ డబ్బు ఇకనుంచి నా చేతికే ఇవ్వాలి."

చంద్రకళ రవిశంకర్ వైపు చూసింది. ఆయన తలూపాడు. ఆ రోజు సాయంత్రం బేస్‌మెంట్‌లో మిషన్ చప్పుడు మొదలైంది. రవిశంకర్ కింద కూర్చుని హుక్కులు కుట్టడానికి ప్రయత్నించాడు. వంకరగా కుట్టినవన్నీ మీనాక్షి ఒక్క మాట కూడా అనకుండా ఊడదీసి మళ్లీ ఇచ్చింది. ఆయన మళ్లీ కుట్టాడు. క్షమించడం అని దీన్నంటారో లేదో ఆమెకి తెలియదు. ప్రస్తుతానికి దారం ఎక్కించడానికి తోడుగా ఇంకో జత కళ్లున్నాయి, అది చాలనుకుంది.

తర్వాతి వారం చంద్రకళ రాయించిన కాగితాలు కవర్లో పెట్టుకుని వెళ్లారు. టిఫిన్ సెంటర్ గ్రైండర్లూ ఫ్రీజర్లూ పోతాయి, ఇద్దరి పేరూ కొన్నేళ్లపాటు ఏ బ్యాంకులోనూ చెల్లదు. అదంతా తెలిసిందే. డెబ్రా కవర్లోవన్నీ ఓపిగ్గా చదివింది. చదివి, సంతకాలకి ముందు మీనాక్షి వైపు తిరిగి, మీరేం పనిచేస్తారని మళ్లీ మొదటి నుంచీ అడిగింది.

రవిశంకర్ గబుక్కున ముందుకి వంగాడు. ఈసారి సరైన జవాబే చెప్పబోతున్నాడని ఆయన మొహంలోనే తెలుస్తోంది. మీనాక్షి ఆయన చెయ్యి పట్టుకుని మెల్లిగా వెనక్కి లాగింది.

"అడిగింది నన్నండీ," అంది తెలుగులో.

తర్వాత డెబ్రాకి చెప్పింది, టైలర్‌నని. అది రాయడానికి డెబ్రాకి ఎంతో సేపు పట్టలేదు.