ఊపిరికాపు పలికిన ‘ఒరే’

2084లో విశాఖ రేవు పక్క వీధుల్లో మత్తుమందు ఇంకా ఉంది. దానివల్ల చావు మాత్రం అరుదైపోయింది. కారణం డాక్టర్ ప్రణవి రూపొందించిన ‘ఊపిరికాపు’. గుండెల మీద అతికించుకునే గోరంత బిళ్ల అది. లోపలి సెన్సర్ శ్వాసను వింటుంది. శ్వాస మందగిస్తే పేరుపెట్టి పిలుస్తుంది. పలకకపోతే విరుగుడు మందును ఒంట్లోకి వదిలి, దగ్గరున్న మనిషిని కేకేస్తుంది. ఎందుకు వాడావని అడగదు. నీతులు చెప్పదు.

“ఇలాంటివాళ్లు చస్తే నష్టమేమిటి?” అని నిధుల సంఘం అధ్యక్షుడు రిత్విక్ వర్మ నిండుసభలో అడిగినప్పుడు, “చచ్చినవాడు ఇక మానలేడు, అదే నష్టం” అని చెప్పి కూర్చుందామె. బిళ్ల భాషనూ తానే నిర్ణయించింది: అందరూ ‘గారు’లే, అందరూ ‘మీరు’లే. నగరం ఇవ్వని మర్యాద యంత్రమైనా ఇవ్వాలని ఆమె పట్టు.

అటువంటి బిళ్లను ఒక ఉదయం పైడిరాజు పీకి ఆమె బల్లమీద పెట్టేశాడు. అతడు రేవులో క్రేన్ నడుపుతాడు. మొన్ననే ఇలాగే బిళ్ల పీకేసి మత్తుమందు తీసుకుని, పెదవులు నీలంగా మారి, పక్కింటివాళ్ల పుణ్యాన బతికి బయటపడ్డాడు. ఇంకోసారి అలా జరిగితే బతకడని ప్రణవికి తెలుసు.

“దురద పెడుతోందా?”

“దురదేటి నేదమ్మా. దాని మాటే గిట్టదు.”

“ఏ మాట?”

“‘పైడిరాజు గారూ, మీరు క్షేమమేనా’ అంటాది. పుట్టినకాడినుంచి మా అన్న నన్ను ‘ఒరే’ అన్నాడు. ఇంట్లోంచి పొమ్మన్ననాడే ‘మీరు దయచెయ్యండి’ అన్నాడు. ఇది పిలిసినప్పుడల్లా మళ్లీ గెంటేసినట్టుంటాది.”

ప్రణవి బల్లమీది బిళ్లను చేతిలోకి తీసుకుంది. మర్యాద మనిషిని నిలబెట్టగలదనే ఆమె ఇన్నాళ్లూ లెక్కవేసింది. అదే మర్యాదతో తలుపు మూయవచ్చునన్నది లెక్కలోకి రాలేదు.

“సరే, ఎలా పిలవమంటావు?”

“‘ఒరే రాజుగా’ అనమను. రెండు తిట్లు తిట్టినా పర్లేదు.”

“తిట్లు ఒప్పుకోను.”

“ఒక్కటమ్మా! తిట్టకపోతే మనోళ్లని ఎలా తెలుస్తాది?”

“‘సన్నాసీ’ వరకే. అంతకుమించి కుదరదు.”

ఆమె నియమం సవరించి బిళ్లను తిరిగి అతికించింది. “ఒరే రాజుగా, తిన్నావురా సన్నాసీ?” అంది బిళ్ల. పైడిరాజు చొక్కా గుండీలు గబగబా పెట్టుకున్నాడు, ఆ పిలుపును మళ్లీ ఎవరైనా లాక్కుంటారన్నట్టు.

ఆపైన ఎవరి పిలుపు వారే ఎంచుకునేలా ప్రణవి బిళ్లలన్నిటినీ మార్చింది. బిళ్లలు పీకేయడం ఆగింది. పైడిరాజు మందు తగ్గించాడు, పూర్తిగా మానలేదు. సెలవురోజుల్లో ఆమె నడిపే కేంద్రానికి వచ్చి కొత్తవారికి బిళ్లలు అతికించేవాడు.

వానాకాలం మొదట్లో రిత్విక్ వర్మ వచ్చి వరసలో నిలబడ్డాడు. పదవి దిగిపోయినవాడు, భార్య పోయినవాడు. ప్రణవి కళ్లజోడు సవరించుకుంది.

“మీకు ఏ మందు అలవాటండీ?”

“ఏదీ లేదు.”

“ఊపిరి ఇబ్బందా?”

“అదీ లేదు.” ఆయన నేలవైపు చూశాడు. “నన్ను ‘ఒరే’ అనేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు డాక్టర్‌గారూ.”

‘చస్తే నష్టమేమిటి’ అని ఆనాడు సభలో ఆయన అడిగిన ప్రశ్నను తిరిగి ఆయనకే అప్పగించాలని ఆమె నోరు తెరిచింది. ఈలోగా పైడిరాజు అడిగాడు: “సిన్నప్పుడు ఏటనేవోరు బాబూ?”

“‘బుజ్జిగా’... అనేవారు.”

పైడిరాజు కొత్త బిళ్ల తీయలేదు. కుర్చీ లాగాడు.

“ఒరే బుజ్జిగా, కూకో. టీ తాగుతావేటి?”