వేయి కణాల్లో ముప్పై నాలుగు

మద్దిలేటి తన గ్లాసు తానే తెచ్చుకున్నాడు. టీ తెప్పిస్తానని ముత్యాలప్ప అనగానే సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, బల్ల మీద కాదు, నేల మీద పెట్టాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీ గ్లాసులొద్దు సార్. మా ఊర్లో హోటలాయన నేను తాగిన గ్లాసు బయట పారేసినాడు. నా ఒంట్లోంచి కిరణాలు వస్తాండాయంట."

అనంతపురం కమలానగర్‌లో, జిరాక్సు షాపు మీది ఆ గది ప్రైవేటు డిటెక్టివ్ అనుపమది. ముత్యాలప్ప ఆమె అసిస్టెంటు. హెడ్ కానిస్టేబులుగా రిటైరై, భార్య పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక ఇక్కడ చేరాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో తనకు కనపడనిది ఈమెకు మూడు ప్రశ్నల్లో కనపడుతుందని అతని నమ్మకం. ఆ మాట ఆమె ముందు ఒక్కసారీ అనలేదు, అది వేరే సంగతి.

మద్దిలేటి కథ చిన్నదే. ఉరవకొండ దగ్గర తాగునీటి పైపులైను పని. పైపుల అతుకులు గట్టిగా ఉన్నాయో లేదో గామా కెమెరాతో ఫోటో తీసే చోట అతను హెల్పరు. ఆ కెమెరాలో రేడియేషన్ చిమ్మే ఇరిడియం గుళిక ఉంటుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి పనివాళ్లకు తలా ఒక బ్యాడ్జి ఇస్తారు, మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. మద్దిలేటి బ్యాడ్జిలో ఏడాది పరిమితికి ముప్పై రెట్లు తేలింది. పీర్ల పండుగ నాడు గుళిక కెమెరాలోకి తిరిగిరాకుండా ఇరుక్కుంటే ఇతనే మాట వినకుండా చేత్తో లాగాడని సూపర్‌వైజరు అనిల్ కుమార్ రాసిచ్చాడు. ఉద్యోగం పోయింది. భార్య సరళ ఐదేళ్ల కూతుర్ని తీసుకుని తాడిపత్రిలో పుట్టింటికి వెళ్లిపోయింది.

"నేనెన్నాళ్లు బతుకుతానో నాకొద్దు మేడం. నా బిడ్డను ఎత్తుకోవచ్చునా, కూడదా? అదొక్కటి చెప్పండి."

"ఆ రోజు వాంతులయ్యాయా?"

"లేదు."

"చేతులు కాలాయా?"

"లేదు."

"పండుగ నాడు సైటులోనే ఉన్నావా?"

మద్దిలేటి చూపు గ్లాసు మీదికి జారింది. "ఉన్యా."

"బ్యాడ్జి ఎక్కడ పెట్టుకుంటావు?"

"కోటు లోపలి జేబుకు కుట్టేసినా మేడం. ఊడి మట్టిలో పడితే తిడతారని. కోటు తొడిగితే బ్యాడ్జి ఉన్నట్టే."

అనుపమ కంపెనీ డాక్టరు కాగితం చదివింది. రెండు అరికాళ్లకూ కాలిన మచ్చలున్నాయని, అవి రేడియేషన్ వల్ల కావచ్చునని అందులో ఉంది. మద్దిలేటి చెప్పులు విప్పడానికి మొహమాటపడ్డాడు. విప్పితే మచ్చలు నిజమే.

అతను వెళ్లాక అనుపమ అంది: "గుళికను చేత్తో లాగినవాడికి అరికాళ్లు ఎందుకు కాలతాయి ముత్యాలప్ప గారూ? రేపొకసారి గూగూడు వెళ్లిరండి."

ముత్యాలప్ప తల కొట్టుకున్నాడు. గూగూడులో పీర్ల పండుగకు అగ్నిగుండం తొక్కుతారని జిల్లాలో ఎవరికి తెలియదు! మర్నాడు అక్కడ విచారిస్తే, పండుగ నాడు బొబ్బలకు మందు రాసిన శిబిరం పుస్తకంలో మద్దిలేటి పేరు దొరికింది. మనిషి సైటులోనే లేడు. మరి అతని బ్యాడ్జికి అంత రేడియేషన్ ఎలా తగిలింది?

అనుపమతో కలిసి సైటుకు వెళ్లేసరికి గాలి తప్ప పలకరించే దిక్కు లేదు. కోతలైపోయిన వేరుసెనగ చేల మధ్య నల్లటి పైపులు కనుచూపు మేర పడివున్నాయి. రేకుల షెడ్డు ముందు జీపు, దాని అద్దానికి వేలాడుతూ అనిల్ కుమార్ ఫోటో ఉన్న బ్యాడ్జి. వాచ్‌మన్ కుళ్లాయప్ప మనిషి మొహం చూసి వారమైనట్టు మాట్లాడాడు.

"గూగూడు సామి పేరే నాకు పెట్టినారు, ఆయన పండక్కే నన్ను పోనీలేదు మేడం. ఫోటో తీసేటప్పుడు చుట్టూ తాడు కట్టినాక మేము దూరంగా ఉండల్ల. ఆ పొద్దు కోటేసుకున్న మనిషి పైపు కాడికి ఉరికినాడు. అది మద్దిలేటి కోటే. వీపున తారు మరక ఉండాది."

"మొహం చూశావా?"

"అంత దూరం నుంచి మొగం యాడ కనపడుతుంది?"

"మిగతా రోజుల్లో ఆ కోటు ఎక్కడుంటుంది?"

"షెడ్డులో మేకుకు."

అనిల్ కుమార్ ఎడమ చేత్తో కుర్చీలు జరిపాడు. కుడి చేతి వేళ్లకు కట్టు ఉంది. పోయిన వారం బైకు సైలెన్సరు తగిలిందన్నాడు. అతను లోపలికి పోగానే కుళ్లాయప్ప గొణిగాడు: "శ్రావణమాసంలోనే కట్టు చూసినానప్పా నేను."

మద్దిలేటి, కుళ్లాయప్ప, అనిల్ కుమార్ ముగ్గురి రక్తమూ పరీక్షకు పంపుదామని అనుపమ అడిగితే ముందు చెయ్యి చాపింది అనిల్ కుమారే. "తీసుకోండి మేడం. నెల కిందటే చేయించుకున్యా. అన్ని కౌంట్లూ నార్మలే."

మూడు వారాలకు ల్యాబు రిపోర్టు వచ్చింది. అనుపమ అందరినీ ఆ షెడ్డులోనే కూర్చోబెట్టింది. కంపెనీ ఇంజనీరు ముఖేష్, అనిల్ కుమార్, కుళ్లాయప్ప బెంచీల మీద ఉన్నారు. ముత్యాలప్ప తాడిపత్రి వెళ్లి బతిమాలి తీసుకొచ్చిన సరళ, కూతురితో గుమ్మంలో ఆగిపోయింది. మద్దిలేటి దూరంగా నేల మీద, పక్కన ఆ స్టీలు గ్లాసు.

"మన తెల్ల కణాల్లో దారప్పోగుల్లాంటివి ఉంటాయి," అని మొదలుపెట్టింది అనుపమ. "ఒక్కో పోగుకు ఒక్కటే నడుము. రేడియేషన్ తగిలితే పోగులు తెగుతాయి. తెగినవి తప్పుగా అతుక్కుంటే ఒకే పోగుకు రెండు నడుములొస్తాయి. అలాంటివి వేయి కణాల్లో ఎన్నున్నాయో లెక్కపెడితే ఒంటికి ఎంత తగిలిందో తెలుస్తుంది. కుళ్లాయప్పకు సున్నా. మద్దిలేటికి ఒకటి, అది ఏమీ తగలని మనిషిలోనూ ఉంటుంది. అనిల్ కుమార్ గారికి ముప్పై నాలుగు."

"నా కౌంట్ నార్మల్!"

"మామూలు పరీక్షలో కణాల సంఖ్య మాత్రమే చూస్తారు. అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈ పోగుల గుర్తు ఏళ్లు ఉంటుంది. ధైర్యంగా చెయ్యి చాపింది అది తెలియకనే."

ఆమె మేకు వైపు చూపించింది. "పీర్ల పండుగ నాడు మద్దిలేటిని గూగూడుకు పోనిచ్చి, సైటులో ఉన్నట్టు హాజరు వేసింది మీరే. గుళిక ఇరుక్కుంది. రీడింగు పెరిగితే పని నుంచి తప్పిస్తారని మీ బ్యాడ్జి ఎప్పటిలాగే జీపుకు తగిలించారు. కంగారులో ఒంటికి అడ్డుగా ఈ మేకుకున్న కోటు తొడిగి పైపు దగ్గరికి ఉరికారు. లోపలి జేబులో బ్యాడ్జి ఉందని మీకు తెలియదు. రీడింగు వచ్చాక తెలిసింది. గుళిక కాల్చిన చేతికి పుండు రెండు మూడు వారాలకు గానీ తేలదు. అందుకే పండుగ దాటాక శ్రావణంలో కట్టు."

అనిల్ కుమార్ కట్టున్న చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. "లైసెన్సు పోతాదని భయపడినా మేడం. నొప్పికి నిద్ర పట్టేది కాదు. ఎవరికి చెప్పుకోవల్ల?"

"నొప్పి నాలుగు నెలలు మీరొక్కరే మోశారు. తప్పు మాత్రం అతని చేత మోయించారు. ముందు ఆసుపత్రికి పదండి. ఆ చెయ్యి ఇంకా దక్కుతుందేమో."

ముఖేష్ లేచి మద్దిలేటి దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాడు. రేపటినుంచే పనిలోకి రమ్మన్నాడు. మద్దిలేటికి అదేదీ చెవికెక్కినట్టు లేదు. సరళనే చూస్తున్నాడు.

"గూగూడు పోతానని నాకొక మాట చెప్పకూడదా?" అంది సరళ.

"పాపకు ఫిట్స్ తగ్గాలని మొక్కుకున్యా. భక్తి ఉంటే కాళ్లు కాలవంటారు గదా. నాకు బొబ్బలెక్కె. స్వామి నన్ను ఒప్పుకోలే, ఈ రోగం కూడా ఆయన శిక్షే అనుకున్యా. ఆ పొద్దు సైటులో లేను, గూగూడు పోయినానని ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

"పీర్ల పండగ పోయినప్పటినుంచి పాపకు ఒక్కసారన్నా వచ్చినాయా?"

మద్దిలేటి పాప వైపు తిరిగాడు. సరళ వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. గ్లాసు తీసి, సగం మిగిలిన చల్లారిన టీని అందరూ చూస్తుండగా తాగేసింది. ముత్యాలప్ప కళ్లు తుడుచుకుని గాలి మీద నెపం పెట్టాడు.

పాప నాయన మోకాళ్ల దగ్గరికొచ్చి నిలబడింది. మద్దిలేటి చేతులు సగం దాకా లేచి ఆగిపోయాయి. అతను అనుపమ వైపు చూశాడు.

"ఎత్తుకో," అంది అనుపమ.