చైను వేయని బండి

పూతలపట్టు కూడలికి మూడు కిలోమీటర్ల లోపల ఉన్న ఆ ఊరికి చీకటి పడితే ఆటోలు రావు. ధనంజయకు ఆ సంగతి ఏనాటినుంచో తెలుసు. అయినా పోయిన బుధవారం దాకా దానితో ఆయనకు పని పడలేదు. ఆ సాయంత్రం ఆయన పాత బండి ఇంజను బిగుసుకుపోయింది. తిరుపతిలో ఒక ఆసుపత్రి మందుల గదిలో పనిచేసే ఆయన భార్య రూపశ్రీ ఏడు గంటల బస్సు దిగి, ఆ దారిన ఒంటరిగా నడిచి వచ్చింది. ఎవరో ఇద్దరు ఊరి మొదటి దీపస్తంభం దాకా వెంటబడ్డారు. ఇంటికి వచ్చి ఆమె ఏడవలేదు. కాళ్లు కడుక్కుని, ఇంకొకసారి తనను ఆ దారిన నడిపించవద్దని మాత్రం అన్నది. ఆయన మాట ఇచ్చాడు.

ఆ మాట కోసమే శనివారం మధ్యాహ్నం నుంచి ఇంటి ముందు రేకుల పంచలో ఇంజను మార్పిడి సాగుతోంది. చేస్తున్నవాడు రూపశ్రీ అన్న మునిప్రసాద్, చిత్తూరులో పాతికేళ్లుగా మెకానిక్. పాత ఇంజనులో రింగులు, పిస్టను అన్నీ అరిగిపోయాయని, దాన్ని బాగుచేసి లాభం లేదని తేల్చినవాడూ అతడే. మరొక ఇంజను వెతికిపెట్టినవాడూ అతడే.

ఆ ఇంజను పక్క ఊరి గిరిప్రసాద్‌ది. అతడు తొమ్మిది రోజుల క్రితం, బస్సు దిగబోయే భార్యను తీసుకురావడానికి కూడలికి బయలుదేరి, మలుపు దగ్గర లారీ కింద పడి చనిపోయాడు. బండి ముందుభాగం నుజ్జయింది. ఇంజనుకు మాత్రం ఏమీ కాలేదు. అది తన కళ్ల ముందు లేకుండా పోతే చాలునని అతని భార్య పంకజాక్షి కబురు పంపింది.

పొద్దున ఆ ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. ఇంజనును గోనెపట్టలో చుట్టి, ఇద్దరూ చెరొకవైపు పట్టుకుని గడప దాటుతున్నారు. మర్యాద తప్పని మనిషి గనుక ధనంజయ అలవాటు కొద్దీ వెనుదిరిగి, "పోయొస్తామమ్మా" అన్నాడు.

చావు జరిగిన ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. లేచి, చెప్పకుండా వచ్చేస్తారు. మునిప్రసాద్ అడుగు తడబడింది. గోడకు ఆనుకుని కూర్చున్న పంకజాక్షి తలెత్తింది. ఆమె ధనంజయను చూడలేదు. గోనెపట్టను చూసింది. చూసి, మెల్లగా అన్నది.

"పొద్దు పోకముందే రా."

ఇంటికి వచ్చేదాకా మునిప్రసాద్ దెప్పుతూనే ఉన్నాడు. కాలేజీలో రికార్డులు రాసే మనిషికి సావింట్లో ఎట్ల మసులుకోవాలో ఏ రికార్డులోనూ రాసిపెట్టలేదా అని అడిగాడు. "ఈ బండి అయినాక నీ నోటికి గూడా ఒక క్లచ్చు బిగిస్తా బావా" అన్నాడు. ధనంజయ నవ్వలేదు. చిన్న పొరపాటే. కాని అది గోరుచుట్టులా రోజంతా సలుపుతూనే ఉంది.

నాలుగు గంటలకు వాన పట్టుకుంది. ఆరింటికి ఇంజను చట్రంలో కూర్చుంది, బోల్టులు బిగిశాయి. కార్బురేటరు ఇంకా పాత వార్తాపత్రిక మీద విడి భాగాలుగా ఉంది. పెట్రోలు ట్యాంకు అరుగు మీద ఉంది. చైను మేకుకు వేలాడుతోంది. దాన్ని కలిపే లాకు ఎక్కడో జారిపోయింది. కూడలికి పోయి లాకు కొనుక్కుని, బస్సు రాగానే చెల్లెలిని కూడా తన బండి మీద తెచ్చేస్తానని చెప్పి మునిప్రసాద్ వెళ్లాడు. ధనంజయ మనసు కొంత తేలికపడింది.

అతడు వెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది.

ఛార్జింగ్ లైటు వెలుగు పంచలో సగం దాకానే పారుతోంది. రేకుల మీద వాన ఒకే తీరుగా కురుస్తోంది. కిరోసిను వాసన, తడిసిన గోనె వాసన, పాత గ్రీజు వాసన. ధనంజయ కూర్చున్నాడు, లేచాడు, గేటు దాకా వెళ్లి వచ్చాడు. గడియారం చూశాడు. ఏడుకు పది నిమిషాలు.

అప్పుడు ఇంకొక వాసన వచ్చింది... కాగిన ఆయిలు వాసన.

చాలా దూరం తిరిగి వచ్చి ఆగిన బండి నుంచి వచ్చే వాసన అది. వెంటనే చప్పుడు. టిక్... టిక్... వేడెక్కిన ఇనుము చల్లారుతున్నప్పుడు చేసే చప్పుడు. ఆయన లైటు దగ్గరకు జరిపాడు. బండి కదలలేదు. చైను మేకుకే ఉంది. పెట్రోలు చుక్క లోపలికి పోయే దారి లేదు. ఆయన ఇంజను మీద అరచేయి ఆనించాడు.

చేయి చురుక్కుమంది. వేళ్ల మీద చర్మం తెల్లగా పొంగింది.

గేటు బయట బండి ఆగింది. మునిప్రసాద్. వెనుక ఎవరూ లేరు.

"రూప యాడ?" అన్నాడు ధనంజయ.

"నువ్వే పిలుచుకోని పోయినావంట గదా." మునిప్రసాద్ గొంతు తగ్గింది. "నేను అంగట్లో ఉండంగానే బస్సు ముందే వచ్చేసిందంట. బంకు ఆయన సూసినాడు. వాళ్లాయన బండి మీద కూర్చోని పోయిందన్నాడు."

అతని చూపు పంచలోని బండి మీద పడింది. మేకుకున్న చైను మీద పడింది. చెల్లెలిని వెతకడానికి బండి వెనక్కి తిప్పుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ధనంజయ ఫోను చేశాడు. నాలుగో రింగుకు ఎత్తింది. గాలి హోరు. దాని వెనుక ఇంజను శబ్దం, నిలకడగా.

"రూపా..."

ముందున్నవాడికి వినపడకూడదన్నట్టు, ఆమె గుసగుసగా అడిగింది.

"ఎవరప్పా మీరు? మా ఇంటాయన ముందర బండి తోలతా ఉండాడు. ఆయన ఫోను మీకాడికి ఎట్ల వచ్చింది?"

"రూపా, నేనే. ఇంట్లోనే ఉండాను. అది నేను గాదు. దిగేయ్."

గాలి హోరు... హోరు. ఆమె మాట మళ్లీ వినపడలేదు. ఫోను పెట్టేయడానికి ఆయనకు చేయి రాలేదు. వెనుక పంచలో టిక్ టిక్‌లు ఆగిపోయి, ఇంజను సన్నగా వణకడం మొదలుపెట్టింది. బండి స్టాండు నేల మీద గీసుకుంటోంది. ఆయన గేటు కమ్మీ పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

వీధి చివర వెలుతురు కనిపించింది. దగ్గరికి వచ్చింది. గేటు ముందు ఆగి, ఆరిపోయింది. పంచలో వణుకు కూడా ఆ క్షణానే ఆగింది. చీకట్లోంచి రూపశ్రీ ఒక్కతే నడిచి వచ్చింది, భుజాన సంచితో.

ఆయన గేటు తీశాడు. వచ్చింది, అంతే చాలు. ఆమె ఆయన పక్కనుంచి లోపలికి వెళ్తూ, "ఎందుకట్ల నిలబడినావు, లోపలికి రా" అన్నది. ఎప్పటి గొంతే. వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు, గిన్నెల చప్పుడు.

ఆయన గడప దాకా వచ్చి ఆగాడు. అంత వానలో వచ్చిన మనిషి నడిచిన దారిలో గచ్చు మీద ఒక్క తడి అడుగు లేదు.

చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. కాల్ తెగలేదు, నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి. ఆయన దాన్ని మెల్లగా చెవికి ఆనించాడు.

గాలి హోరు. ఇంజను శబ్దం. దాని మీద రూపశ్రీ గొంతు, చలికి పళ్లు కొట్టుకుంటుండగా.

"ఏమప్పా... లైన్లో ఉండారా? మా ఊరు ఎప్పుడో దాటిపోయింది. ఈయన ఆపడం లేదు..."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరది, ఫోన్లో?" అని లోపలినుంచి రూపశ్రీ అడిగింది.